ఎదురుచూసిన ఇల్లు

1918 ఏప్రిల్. యుద్ధానికి వెళ్తున్న కుర్రవాళ్లతో కిక్కిరిసిన రైలు బెర్లిన్ స్టేషన్లో కదిలింది. పౌలా బోన్‌హోఫర్ ఆ రైలు వెంట పరుగు తీసింది. కిటికీలో కొడుకు వాల్టర్ మొహం. డిసెంబరులో పుట్టినవాడు, పద్దెనిమిది నిండి నాలుగు నెలలు. మన మధ్యకు వచ్చేది దూరం ఒక్కటేనని, ఇంకేదీ రాదని రొప్పుతూనే బిడ్డకు ధైర్యం చెప్పింది. నెల తిరక్కముందే ఫిరంగి గుండు ముక్కలు తగిలి, ఏప్రిల్ 28న వాల్టర్ ప్రాణం విడిచాడు.

పౌలా మంచాన పడింది. ఇరుగింటివాళ్లు తమ ఇంటికి తీసుకుపోయి వారాల తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. ఎనిమిదిమంది పిల్లల్ని కని, వాళ్లకు మొదటి చదువులు ఇంట్లో తానే చెప్పుకున్న మనిషి, లేచి తిరగలేని స్థితికి వచ్చింది. భర్త కార్ల్ బోన్‌హోఫర్ బెర్లిన్‌లో పేరుమోసిన మనోవైద్యుడు, షారిటే ఆస్పత్రిలో ఆచార్యుడు. ఏటా సంవత్సరాంతాన ఆ ఏడు ఇంట్లో జరిగిన సంగతులు ఒక పుస్తకంలో రాసుకోవడం ఆయన అలవాటు. వాల్టర్ పోయాక పదేళ్లపాటు ఆ పుస్తకంలో అక్షరం పడలేదు.

ఆ ఇల్లు కూలడం అక్కడే మొదలైందని నేననుకుంటాను. ఆ ఇంటి ఆరో సంతానం డీట్రిచ్ బోన్‌హోఫర్ పేరు లోకానికి తెలుసు. హిట్లర్‌ను ఎదిరించి ఉరికంబం ఎక్కిన లూథరన్ పాస్టర్‌గా మన సంఘాల్లోనూ ప్రసంగాల మధ్య ఆ పేరు వినిపిస్తుంది. వీరుడి కథగానే వినిపిస్తుంది. నాకు మాత్రం ఆ కథ తలచుకున్నప్పుడల్లా అతని కన్నా ముందు ఆ ముసలి తల్లిదండ్రులు కళ్లముందుకొస్తారు. ముగ్గురు కొడుకుల్నీ ఇద్దరు అల్లుళ్లనీ పోగొట్టుకున్నవాళ్లు. జైలు గుమ్మాల ముందు ఉతికిన బట్టల మూటలు పట్టుకుని నిలబడ్డవాళ్లు. 1943, 1944 సంవత్సరాల్లో వచ్చిన రెండు అడ్వెంటు కాలాల్ని వాళ్లు ఎలా దాటారన్నదే నాకు ఆ కథంతటిలోకీ పెద్ద సంగతి.

అడ్వెంటు అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం. ఆగమన కాలం. చర్చి బల్ల మీద ఊదారంగు బట్ట పరుస్తారు. ఆకుల దండలో నాలుగు కొవ్వొత్తులు నిలిపి వారానికొకటి వెలిగిస్తారు. 1839లో హాంబుర్గ్‌లో దిక్కులేని పిల్లల్ని సాకిన యోహాన్ విఖెర్న్ అనే పాస్టర్, పండుగ ఎప్పుడొస్తుందని రోజూ అడిగే పిల్లల కోసం ఒక చెక్క చక్రం మీద కొవ్వొత్తులు నిలిపి మొదలుపెట్టిన ఆచారం అది. ఆ ఆచారాలున్న సంఘం మనకూ దగ్గరిదే. జర్మనీలో పుట్టి అమెరికా నుంచి వచ్చిన హయ్యర్ అనే మిషనరీ 1842లో గుంటూరులో దిగాడు. ఆ తర్వాత హెర్మన్స్‌బుర్గ్ మిషన్‌వాళ్లు నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలకు వచ్చారు. మన లూథరన్ ఇళ్లలో నవంబరు 2న సమాధుల పండుగ చేస్తారు. సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వస్తారు. ఆ నెల తిరిగేసరికి అడ్వెంటు. ఆ ఏడు ఇంట్లో మనిషి పోయి ఉంటే గుమ్మానికి నక్షత్రం కట్టాలా వద్దా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడటం నేను చూశాను. కట్టినా ఏడుపే, కట్టకపోయినా ఏడుపే.

బోన్‌హోఫర్‌లది గుడికి క్రమం తప్పక వెళ్లే కుటుంబం కాదు. పౌలా పాస్టరు కూతురు; ఆమె తండ్రి కైజర్ ఆస్థానంలో ప్రసంగీకుడు. అయినా భక్తి అంతా ఇంట్లోనే, ఆమె చేతి మీదుగానే నడిచేది. బైబిలు కథలు ఆమే చెప్పేది. పడక ప్రార్థనలు ఆమే నేర్పింది. కార్ల్ సైన్సు మనిషి. మితభాషి. విశ్వాసం గురించి పెదవి విప్పేవాడు కాదు, భార్య భక్తికి అడ్డూ వచ్చేవాడు కాదు. గ్రూనెవాల్డ్ ఇంట్లో అడ్వెంటు ఆదివారం సాయంత్రాలు పొడవాటి భోజనాల బల్ల చుట్టూ పిల్లలంతా తల్లితో కూర్చుని క్రిస్మస్ పాటలు పాడేవాళ్లు. తండ్రి కూడా వచ్చి కూర్చునేవాడు. ఆండర్సన్ కథలు చదివి వినిపించేవాడు. క్రిస్మస్ ముందు రాత్రి లూకా సువార్తలోని జనన వృత్తాంతం తల్లి చదివేది. డీట్రిచ్‌తో కవలగా పుట్టిన సబీన పెద్దయ్యాక ఇవన్నీ రాసిపెట్టింది కాబట్టి మనకు తెలుసు.

నమ్మకం లేని తండ్రి ఆ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చోవడం చిన్న విషయమని నేననుకోను. ఎన్నో ఇళ్లలో భర్త ఒక దారి, భార్య ఒక దారి. ఆ ఇంట్లో నమ్మినవాళ్లూ నమ్మలేనివాళ్లూ ఒకే బల్ల చుట్టూ, ఒకే రాబోయే రోజు కోసం కూర్చోవడం నేర్చుకున్నారు. తర్వాత వాళ్లకు మిగిలింది అదొక్కటే.

వాల్టర్ పోయేనాటికి డీట్రిచ్, సబీనలకు పన్నెండేళ్లు. యుద్ధంలో పోయిన తెలిసినవాళ్ల పేర్లు రోజూ చెవిన పడేవి. రాత్రిళ్లు మంచాల మీద మేలుకుని పడుకుని, చావంటే ఏమిటి, నిత్యత్వం అంటే ఏమిటి అని ఆ ఇద్దరూ మనసులోనే తరచి తరచి చూసుకునేవాళ్లట. 1921లో డీట్రిచ్‌కు నిర్ధారణ ఆరాధన జరిగినప్పుడు తల్లి వాల్టర్ బైబిలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. బతికినన్నాళ్లూ అతను వాడుకున్నది ఆ బైబిలే. పోయిన బిడ్డ వస్తువును ఉన్న బిడ్డకు ఇవ్వగలిగిందంటే ఆ తల్లి మళ్లీ లేచి నిలబడిందన్నమాట.

తరువాతి పన్నెండేళ్లు ఇల్లు కళకళలాడింది. పెళ్లిళ్లు, మనవలు, శనివారం సంగీత కచేరీలు. 1933లో హిట్లర్ వచ్చాడు. ఏప్రిల్ 1న యూదుల దుకాణాల ముందు సాయుధులు కాపలా నిలబడితే, కార్ల్ తల్లి జూలీ, తొంభై ఏళ్ల ముసలావిడ, వాళ్ల మధ్య నుంచే నడిచి వెళ్లి తనక్కావలసినవి కొనుక్కొచ్చింది. ఆ ఇంటి స్వభావం అది. సబీన భర్త గెర్హార్డ్ లైబ్‌హోల్ట్స్ యూదు వంశీకుడు. 1938 సెప్టెంబరులో ఆ దంపతులు ఇద్దరు ఆడపిల్లలతో సరిహద్దు దాటారు. బల్ల దగ్గర ఆ కుర్చీలు ఖాళీ అయ్యాయి. అంతకుముందు, లండన్‌లో పాస్టరుగా ఉన్న రోజుల్లో, డీట్రిచ్‌కు మన దేశం వచ్చి గాంధీజీ దగ్గర కొన్నాళ్లు ఉండాలని కోరిక. 1934 నవంబరు 1న గాంధీజీ రమ్మని ఉత్తరం కూడా రాశారు. కానీ జర్మనీలో ప్రభుత్వానికి లొంగని పాస్టర్లకు శిక్షణ ఇచ్చే పని మీదపడింది. ప్రయాణం ఆగిపోయింది. వచ్చి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆ తల్లికి ఈ కొడుకైనా మిగిలేవాడేమో.

డీట్రిచ్ అక్క క్రిస్టీన్ భర్త హన్స్ ఫాన్ డొనానీ న్యాయశాఖలో పని చేస్తూ నాజీల నేరాలన్నీ రహస్యంగా రాసిపెట్టినవాడు. సైనిక గూఢచారి శాఖలో చేరి, అక్కడి నుంచే హిట్లర్‌ను కూలదోసే కుట్రలో ముఖ్యుడయ్యాడు. డీట్రిచ్‌ను అదే శాఖలోకి లాక్కున్నాడు. లుఫ్తాన్సాలో న్యాయ సలహాదారైన అన్న క్లౌస్, ఇంకో అక్క ఉర్సులా భర్త రూడిగర్ ష్లైషర్ కూడా ఆ కుట్రలోనే. అంటే ఒకే ఇంటి నుంచి నలుగురు. పెద్దవాళ్లకు తెలుసా అంటే, తెలుసు. బిడ్డలు చేస్తున్నది ఏమిటో, దొరికితే ఏమవుతుందో తెలిసే ఆ ముసలివాళ్లు అన్నం వడ్డించారు.

1943 మార్చి 21, ఆదివారం. పది రోజుల్లో కార్ల్‌కు డెబ్బై అయిదు నిండుతాయి. మరియెన్‌బుర్గర్ వీధిలో పెద్దవాళ్ల కొత్త ఇల్లూ ఉర్సులా వాళ్ల ఇల్లూ పక్కపక్కనే. ఉర్సులా ఇంట్లో తాతగారి పుట్టినరోజుకు పాడవలసిన స్తుతి సంకీర్తన సాధన జరుగుతోంది. డీట్రిచ్ పియానో దగ్గర, రూడిగర్ వయొలిన్‌తో, క్లౌస్ సెల్లోతో. హన్స్ గాయకుల్లో. మనవలు గొంతు కలుపుతున్నారు. గుమ్మం బయట హన్స్ కారు సిద్ధంగా ఉంది. అదే సమయానికి బెర్లిన్ నడిబొడ్డున ఆయుధ ప్రదర్శనశాలలో గెర్స్‌డోర్ఫ్ అనే అధికారి కోటు జేబుల్లో బాంబులు పెట్టుకుని హిట్లర్ పక్కన నడుస్తున్నాడు. పేలడానికి పది నిమిషాలు పడుతుంది. వాయిస్తున్న ముగ్గురికీ పాడుతున్న హన్స్‌కూ చెవులు టెలిఫోన్ మీదే ఉన్నాయి. హిట్లర్ కొద్ది నిమిషాల్లోనే బయటికి వెళ్లిపోయాడు. గెర్స్‌డోర్ఫ్ మరుగుదొడ్డిలోకి పరుగెత్తి ఫ్యూజు పీకేశాడు. టెలిఫోన్ మోగలేదు. సాధన ముగించి అందరూ లేచారు.

ఈ ఘట్టం మీద నా ఆలోచన చాలాసార్లు ఆగిపోతుంది. పిల్లల ముందు తాళం తప్పకుండా వాయించాలి. ఒక చెవి పాట మీద, ఒక చెవి గోడ మీది గంట మీద. ఆ నలుగురూ కూడా అడ్వెంటు ఆదివారాల్లో రాబోయేదాని కోసం పాడుతూ కనిపెట్టుకోవడం నేర్చుకున్న ఇంటివాళ్లే.

మార్చి 31న పుట్టినరోజు ఘనంగా జరిగింది. హిట్లర్ ప్రభుత్వమే కార్ల్‌కు గోథె పతకం పంపింది. కొడుకులూ కోడళ్లూ కూతుళ్లూ అల్లుళ్లూ మనవలూ కలిసి దిగిన ఫోటో ఉంది. సబీన కుటుంబం తప్ప అందరూ ఉన్నారు. ఆ కుటుంబం అలా కలవడం అదే ఆఖరు.

సరిగ్గా అయిదు రోజులకు, ఏప్రిల్ 5 మధ్యాహ్నం, డీట్రిచ్ అక్క క్రిస్టీన్ ఇంటికి ఫోన్ చేశాడు. ఎవరిదో తెలియని మగ గొంతు పలికింది. ఇల్లు సోదా చేస్తున్నారని అతనికి అర్థమైపోయింది. మాట్లాడకుండా ఫోన్ పెట్టేసి, తండ్రిని నిద్ర లేపకుండా పక్కింటికి, అక్క ఉర్సులా దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాడు. ఆమె కడుపునిండా అన్నం పెట్టింది. మళ్లీ ఆ భోజనం ఎప్పుడో ఇద్దరికీ తెలియదు. తిన్నాక తన గదికి వెళ్లి బల్ల మీది కాగితాలు సర్దుకుని, తిరిగి వచ్చి కూర్చున్నాడు. నాలుగింటికి తండ్రి ఆ ఇంటికి వచ్చి, నీ గదిలో ఇద్దరు మనుషులు నీతో మాట్లాడాలంటున్నారు అని చెప్పాడు. ఆ కబురు తేవలసింది తండ్రే అయింది. ఆ రోజు డీట్రిచ్‌నూ హన్స్‌నూ క్రిస్టీన్‌నూ పట్టుకుపోయారు. క్రిస్టీన్‌ను కొన్ని వారాలకు వదిలిపెట్టారు.

అప్పటి నుంచి ఆ ఇంటి పని మారింది. టెగెల్ జైలుకు పంపే బట్టలు ఉతకడం, రొట్టె, పుస్తకాలు మూటకట్టడం. పుస్తకంలో రాసిన డీట్రిచ్ పేరు కింద గీత ఉందంటే లోపల కబురుందని గుర్తు. కొన్ని పేజీలకొక అక్షరం కింద కంటికి ఆననంత సన్నని పెన్సిల్ చుక్క ఉంటుంది. పుస్తకం చివరి నుంచి మొదటికి వస్తూ ఆ అక్షరాలు ఏరి కూర్చుకుంటే విచారణలో ఎవరు ఏం చెప్పారో తెలుస్తుంది. ఒకప్పుడు ఆండర్సన్ కథలు చదివిన ఇంట్లో ఇప్పుడు దీపం కింద చదువు ఇదీ.

ఆ ఏడు అడ్వెంటు నవంబరు 28న మొదలైంది. అంతకు వారం ముందు నుంచి బెర్లిన్ మీద రాత్రిళ్లు వందల విమానాలు బాంబులు కురిపిస్తున్నాయి. కైజర్ విల్‌హెల్మ్ స్మారక చర్చి కాలి మొండిగోపురం మిగిలింది. టెగెల్ జైలు పక్కనే బోర్సిగ్ ఇంజిన్ల కర్మాగారం. దాని కోసం వేసే బాంబులకు జైలు అద్దాలూ పగిలేవి. ఒకరు బతికున్నారో లేదో ఒకరికి తెల్లవారేదాకా తెలియదు. తల్లి ఊళ్లో, కొడుకు గదిలో.

ఆ నవంబరులోనే డీట్రిచ్ స్నేహితుడు బేట్‌గెకు రాసిన ఉత్తరంలో ఒక పోలిక తెచ్చాడు. జైలు గది అడ్వెంటు లాంటిదని, లోపలున్న మనిషి ఏదో చేస్తుంటాడని, ఆశపడుతుంటాడని, తలుపు మాత్రం బయటి నుంచే తెరుచుకోవాలని ఆ మాటల సారాంశం. ఈ మాటను అడ్వెంటు ప్రసంగాల్లో ఇప్పుడు అందరూ ఎత్తుకుంటారు. అది రాసినప్పుడు అతని గదికి నిజంగానే బయటి వైపు గడియ ఉందన్నది తలచుకుంటే ఆ మాట బరువు వేరు. అమ్మానాన్నలకు రాసిన ఉత్తరంలో ఆల్ట్‌డోర్ఫర్ బొమ్మను గుర్తు చేశాడు. అప్పటికే నాలుగు వందల ఏళ్లు దాటిన ఆ చిత్రంలో మరియ, యోసేపు, పసిబిడ్డ ఉన్నది గోడలు కూలిన ఇంట్లో. చుట్టూ కూలిన ఇళ్ల మధ్య ఉన్న తల్లిదండ్రులకు కొడుకు జైలు నుంచి పంపిన క్రిస్మస్ బొమ్మ అది. డిసెంబరులో రాసిన ఇంకో ఉత్తరంలో వాళ్లకు కృతజ్ఞత చెప్పాడు. చిన్నప్పుడు మీరు చేసిన పండుగలు ఎంత నిండుగా ఉండేవంటే, ఈ చీకటి ఏడుకు కూడా అవి చాలతాయన్నంతగా రాశాడు. నేను తండ్రినైతే ఆ ఉత్తరం చదివి ఏమైపోయేవాణ్నో.

అతనికి నిశ్చితార్థం జరిగిన పిల్ల మరియా ఫాన్ వెడెమాయర్‌కు అప్పటికి పందొమ్మిదేళ్లు. తండ్రీ అన్నా 1942లో తూర్పు యుద్ధరంగంలో రెండు నెలల తేడాలో పోయారు. ఆ పిల్ల ఆ డిసెంబరులో ఒక పెద్ద క్రిస్మస్ చెట్టు మోసుకుని టెగెల్ జైలుకు వచ్చింది. అది చూసి కాపలావాళ్లూ డీట్రిచ్ కూడా నవ్వారట. మంచం బయట పారేసి పండుగయ్యేదాకా నిలబడి ఉంటే గదిలో పట్టించవచ్చన్నాడు. చివరికి చెట్టు కాపలావాళ్ల గదిలో పెట్టారు. చనిపోయిన తండ్రి చేతి గడియారం కూడా ఆమె అతనికి ఇచ్చింది. యుద్ధంలో ప్రాణం పోయిన రోజున ఆయన చేతికున్నది అదే. రెండిళ్ల దుఃఖం ఆ జైలు గదిలో కలిసింది. తోటి ఖైదీల కోసం అతను ఆ పండుగకు ప్రార్థనలు రాసిచ్చాడు.

విడుదలవుతాడనే ఆశ ఇంకా ఉంది. దాన్ని 1944 జూలై 20 తుంచేసింది. హిట్లర్ పక్కన పెట్టిన బాంబు పేలింది, హిట్లర్ బతికాడు. పౌలా బంధువు, బెర్లిన్ నగర సేనాధిపతి పాల్ ఫాన్ హాజెను ఆగస్టు 8న ఉరితీశారు. సెప్టెంబరులో హన్స్ దాచిన ఫైళ్లు గెస్టపో చేతికి చిక్కాయి. టెగెల్‌లో క్నోబ్లోఖ్ అనే కాపలా సైనికుడు డీట్రిచ్‌ను తప్పించి తానూ పారిపోవడానికి సిద్ధపడ్డాడు. ఉర్సులా వాళ్లు మెకానిక్ దుస్తులు, డబ్బు, రేషను కూపన్లు ఒక ఆదివారం తీసుకెళ్లి ఇచ్చారు కూడా. తర్వాతి వారాంతంలో క్లౌస్ పని నుంచి ఇంటికి వస్తూ వీధిలో గెస్టపో కారు చూసి వెనుదిరిగి ఉర్సులా ఇంటికి చేరాడు. ప్రాణం తీసుకుంటానన్నాడు. ఆ రాత్రంతా ఉర్సులా తనకన్నా ఏడాది పెద్ద అయిన ఆ అన్నను వద్దని బతిమాలి ఆపింది. తెల్లవారి అతన్ని పట్టుకెళ్లారు. జైల్లో క్లౌస్‌ను చిత్రహింసలు పెట్టారు. ఆ రాత్రి తను చేసింది మంచో చెడో అన్న ప్రశ్న ఉర్సులాను ఎంతకాలం కాల్చిందో ఊహించడానికి కూడా నాకు ధైర్యం చాలదు. డీట్రిచ్ పారిపోయే ఆలోచన మానుకున్నాడు. తను పారిపోతే ఇంట్లోవాళ్ల మీద పడతారు. నాలుగు రోజుల్లో రూడిగర్‌నూ తీసుకుపోయారు. అక్టోబరు 8న డీట్రిచ్‌ను ప్రిన్స్ ఆల్బ్రెఖ్ట్ వీధిలోని గెస్టపో నేలమాళిగకు మార్చారు.

1944 అడ్వెంటుకు మరియెన్‌బుర్గర్ వీధిలో ఎవరున్నారో లెక్క చూసుకోవాలి. కార్ల్‌కు డెబ్బై ఆరు. పౌలాకు అరవై ఎనిమిది నిండబోతున్నాయి. పక్కింట్లో ఉర్సులా; ఆమె భర్తా, అన్నా, డీట్రిచ్ స్నేహితుడూ ఆమె అల్లుడూ అయిన బేట్‌గె ముగ్గురూ లేర్టర్ వీధి జైల్లో. క్రిస్టీన్ భర్త జబ్బుతో గెస్టపో చేతుల్లో. విచారణ తప్పించుకోవడానికి హన్స్ కావాలని డిఫ్తీరియా తెచ్చుకున్నాడు. ఆ క్రిముల్ని ఆహారంలో దాచి జైలుకు చేరవేసింది క్రిస్టీనే. భర్తను బతికించుకోవడానికి భార్య అతనికి రోగం పంపవలసిన కాలం అది. సబీన ఇంగ్లండులో, ఏ వార్తా అందని దూరంలో.

నేలమాళిగ నుంచి ఉత్తరాలు దాదాపు ఆగిపోయాయి. డిసెంబరు 19న మరియాకు ఒకటి వచ్చింది. చిన్నప్పటి పడక ప్రార్థనలో చుట్టూ నిలిచే దేవదూతలున్నారే, వాళ్లు పెద్దవాళ్లకూ అంతే అవసరమని అందులో రాశాడు. అది పౌలా నేర్పిన ఇంటి భక్తే. ఆమెకూ తల్లిదండ్రులకూ కలిపి ఏడు చరణాల పద్యం జతచేశాడు. అందులో కొవ్వొత్తుల వెచ్చదనం ఉంది, చేదు పాత్ర కూడా ఉంది. మంచి శక్తులు చుట్టూ కాపలా ఉన్నాయన్న నమ్మకం ఉంది. మళ్లీ కలవాలన్న కోరికా దాచకుండా ఉంది. నాకు ఆ పద్యంలో గొప్పగా తోచేది ఆ కోరికను దాచకపోవడమే. వైరాగ్యం పేరుతో అతను అమ్మను ఏమార్చలేదు. డిసెంబరు 30న ఆమె పుట్టినరోజుకు అందేలా ఇంకో ఉత్తరం రాశాడు.

1945 ఫిబ్రవరి 2న క్లౌస్‌కూ రూడిగర్‌కూ మరణశిక్ష పడింది. మర్నాడు, డీట్రిచ్ పుట్టినరోజుకు ముందురోజు, ముసలివాళ్లిద్దరూ మూట పట్టుకుని గెస్టపో కార్యాలయానికి బయల్దేరారు. దారిలో ఉండగా బెర్లిన్ మీద భయంకరమైన పగటి దాడి జరిగింది. శిక్ష వేసిన జడ్జి ఫ్రైస్లర్ ఆ దాడిలోనే చచ్చాడు. మూట ఇవ్వలేక, మసిపట్టిన బట్టలతో వాళ్లు వెనక్కి వచ్చారు. 7న మళ్లీ తెచ్చారు. ఆ మూటలో ప్లూటార్క్ పుస్తకం ఉంది. అదే రోజు డీట్రిచ్‌ను బెర్లిన్ దాటించేశారు. తర్వాతి వారం ఇంకో మూటతో వెళ్తే ఇక్కడ లేడన్నారు. ఎక్కడున్నాడో చెప్పలేదు.

ఏప్రిల్ 9 తెల్లవారుజామున ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో డీట్రిచ్‌ను ఉరితీశారు. ముందురోజు ఆదివారం తోటి ఖైదీలు అడిగితే ఒక బడిలో ఆరాధన నడిపించి, ప్లూటార్క్ పుస్తకంలో మొద్దుబారిన పెన్సిల్‌తో తన పేరు రాసి అక్కడే వదిలి వెళ్లాడు. దాదాపు అదే వేళకు జక్సెన్‌హౌజెన్‌లో హన్స్‌ను చంపారు. విచారణకు అతన్ని స్ట్రెచర్ మీద మోసుకొచ్చారు. ఏప్రిల్ 22 రాత్రి, సోవియట్ సైన్యం బెర్లిన్ వీధుల్లోకి వచ్చేశాక, వేరే చోటికి మారుస్తున్నామని చెప్పి క్లౌస్‌నూ రూడిగర్‌నూ జైలు బయటికి నడిపించి, కూలిన కట్టడాల మధ్య మెడ వెనక కాల్చారు. మరో పదిహేను రోజులు గడిస్తే యుద్ధమే ముగిసేది.

డీట్రిచ్ సంగతి ఇంకా తెలియదు. మే గడిచింది, జూన్ గడిచింది. మరియా అతన్ని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగింది. ఎవరో ఒకరు తలుపు తడతారని ఆ ఇల్లు ఎదురుచూస్తూనే ఉంది. జూలై 27న లండన్‌లోని హోలీ ట్రినిటీ బ్రాంప్టన్ చర్చిలో బిషప్ జార్జ్ బెల్ జ్ఞాపకార్థ ఆరాధన జరిపించాడు. సబీన దంపతులు అక్కడ కూర్చున్నారు. బి.బి.సి. దాన్ని ప్రసారం చేసింది. బెర్లిన్‌లో కార్ల్, పౌలా రేడియో ముందు కూర్చుని విన్నారు. కొడుకు లేడన్నది అలా రూఢి అయింది. వాల్టర్ వెంట రైలు పక్కన పరుగెత్తడానికైనా వీలు చిక్కింది. ఇక్కడ సమాధి కూడా లేదు.

ఈ కథను గెలుపుగా చెప్పేవాళ్లున్నారు. సత్యం కోసం చనిపోయారు కాబట్టి ఓడిపోలేదంటారు. కార్ల్ కూడా ఒక పాత మిత్రుడికి రాస్తూ దుఃఖంతో పాటు గర్వం కూడా ఉందన్నాడు. ఆ మాట అనే హక్కు ఆయనకుంది. మనకు లేదని నా ఉద్దేశం. తల్లి ప్రార్థనల్లో అడిగింది గర్వం కాదు, బిడ్డను. తలుపు బయటి నుంచి తెరుచుకోవాలని రాసిన కొడుక్కి తలుపు తెరిచినవాళ్లు తలారులు. ఆశ అంటే అడిగింది దక్కడమే అయితే ఆ ఇంటి ఆశ నిలువునా కూలింది. అయినా వాళ్లు తర్వాత కూడా ఆ ఇంట్లోనే ఉన్నారు. తండ్రుల్లేని మనవల్ని దగ్గర పెట్టుకున్నారు. డెబ్బై ఏడేళ్ల వయసులో కార్ల్ మళ్లీ రోగుల్ని చూడటానికి ఆస్పత్రికి వెళ్లాడు.

1948లో అడ్వెంటు మొదటి ఆదివారం గడిచిన ఆ వారంలోనే, డిసెంబరు 4న, కార్ల్ కన్నుమూశాడు. పౌలా 1951 ఫిబ్రవరి 1న వెళ్లిపోయింది. అదే ఏడు బేట్‌గె ఆ జైలు ఉత్తరాల్ని పుస్తకంగా తెచ్చాడు. వాటిలో తనకు వచ్చినవి కొన్ని గ్యాస్ మాస్కు డబ్బాల్లో పెట్టి ఉర్సులా ఇంటి పెరట్లో పాతి దాచినవి. ఆ పుస్తకం ఇప్పుడు ఎన్నో భాషల్లో ఉంది, పాస్టర్ల బల్లల మీద ఉంది. మీ చేతికి వస్తే అందులో నవంబరు చివర, డిసెంబరులో రాసినవి తీసి, పండితుల వ్యాఖ్యల జోలికి పోకముందు ఎవరికి రాశాడో చూడండి. కొన్నింటి మీద ఉన్నది అమ్మకూ నాన్నకూ అనే.